కాంటా మిర్యాలగూడలో, కమాండ్ నల్లగొండలో: దూరపు సర్వీసు మన మాట ఎందుకు వినదు?

యాసంగి ఒడ్లు వచ్చే రోజుల్లో మిర్యాలగూడ రైస్‌మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. ధర్మకాంటా పక్క గదిలోని కంప్యూటర్‌లో బిల్లింగ్ డేటాబేస్ సర్వీసు ఆగిపోయిందనుకుందాం. తూకం పడుతోంది, చిట్టీ మాత్రం రావడం లేదు. నల్లగొండలో కూర్చున్న టెక్నీషియన్ అక్కడి నుంచే ఆ సర్వీసును లేపాలని కమాండ్ కొడతాడు. ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని వస్తుంది. పాస్‌వర్డ్ తప్పా అంటే కాదు. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే లోపలికి పోతున్నాడు, నాలుగు క్లిక్కుల్లో సర్వీసు లేస్తోంది. ఆ పేరు అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులోనూ ఉంది. మరి కమాండ్ దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

విండోస్‌లో దీని జవాబు ఒకటి, లినక్స్‌లో ఇంకొకటి. అడగాల్సిన ప్రశ్న మాత్రం రెండింట్లోనూ అదే: అవతలి మెషీన్‌లో ఆ పని ఇప్పుడు ఎవరి హోదాలో నడుస్తోంది? దూరపు సర్వీసులతో వచ్చే తలనొప్పుల్లో చాలా ఈ ప్రశ్న అడక్కుండా పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ, ఫైర్‌వాల్ ఆపేస్తూ పోవడం వల్ల ముదిరినవే.

దాటాల్సిన గడపలు మూడు. మొదటిది చేరడం, అంటే నెట్‌వర్క్ మీదుగా ఆ మెషీన్ దొరకాలి. రెండోది గుర్తింపు, అంటే మనం ఫలానా అని అది నమ్మాలి. మూడోది హోదా: ఆ ఫలానా మనిషికి ఈ సర్వీసును ముట్టుకునే అధికారం ఈ క్షణాన ఉండాలి. ఏ గడప దగ్గర తన్నుకున్నామో ఎర్రర్ మెసేజే చెబుతుంది. విండోస్‌లో 1722 వస్తే అవతలి ఆర్‌పీసీ సర్వర్ (దూరపు పిలుపులను అందుకునే భాగం) అందడం లేదు, మొదటి గడప. 1326 వస్తే పేరో పాస్‌వర్డో కుదరలేదు, రెండోది. 5 వస్తే చాలావరకు మూడోది. లినక్స్‌లో ‘కనెక్షన్ టైమ్డ్ ఔట్’ మొదటిది, బ్రాకెట్లో ‘పబ్లిక్‌కీ’ అని చూపిస్తూ వచ్చే ‘పర్మిషన్ డినైడ్’ రెండోది, ‘మిస్సింగ్ సుడో పాస్‌వర్డ్’ మూడోది (మామూలు యూజర్ చేత రూట్ అనే సర్వాధికారి హోదాలో కమాండ్ నడిపించేదే సుడో). ఎన్నో మెషీన్లను ఒకచోటి నుంచి నడిపే అన్సిబుల్ అనే పనిముట్టు వాడేవారికి ఇంకో సులువుంది. ‘అన్‌రీచబుల్’ అని వస్తే మొదటి రెండు గడపల్లో చూడాలి. ‘ఫెయిల్డ్’ అని వస్తే లోపలికి పోయాక జరిగిన గొడవ.

మొదటి గడప: చేరడం

చిన్న పట్టణాల్లోని చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. కంపెనీ ఒకే ఐపీని ఎంతోమందికి పంచి ఇస్తుంది కాబట్టి దేవరకొండలోని మెషీన్‌ను బయటి నుంచి నేరుగా పిలవలేం. దారి ఏమిటంటే ఆ మెషీనే బయటికి వచ్చి మనల్ని కలుసుకోవాలి. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని దాని మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టి, మనం చూసుకునే ప్రతి సెంటర్‌లోని మెషీన్‌నూ దానికి కలపడం తేలికైన పద్ధతి. సెంటర్ వైపు కాన్ఫిగరేషన్‌లో పర్సిస్టెంట్ కీపలైవ్ విలువ 25 సెకన్లు పెట్టాలి. పెట్టకపోతే కాసేపు మాటామంతీ లేనప్పుడు మధ్యలోని రూటర్ ఆ దారిని మరిచిపోతుంది, పొద్దున పనిచేసింది మధ్యాహ్నానికి దొరకదు.

పబ్లిక్ ఐపీ ఉంది కదా అని రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389ని, విన్‌ఆర్ఎం (విండోస్‌కు దూరం నుంచి కమాండ్లు పంపే దారి) వాడే 5985, 5986 పోర్టులను ఇంటర్నెట్‌కు తెరవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. లినక్స్ వైపు 22వ పోర్టును కూడా వీపీఎన్ లోపలే ఉంచితే రాత్రి నిద్ర పడుతుంది.

విండోస్‌లో అడ్మిన్ అయినా అడ్మిన్ కాకపోవడం

ఇప్పుడు మిల్లు కంప్యూటర్ దగ్గరికి. డొమైన్‌లో (ఆఫీసు అకౌంట్లన్నీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటులో) లేని విండోస్ మెషీన్‌లో ఒక లోకల్ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉన్నా, నెట్‌వర్క్ మీదుగా వస్తే యూఏసీ (అడ్మిన్ పనులకు ముందు అనుమతి అడిగే విండోస్ కాపలా) దాని అధికారాలను గీకేసి మామూలు యూజర్ టోకెన్ చేతికిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో అయితే మనం తెర ముందు ఉన్నట్టే లెక్క. ‘అనుమతిస్తారా’ అని అడిగితే ‘ఎస్’ నొక్కి హోదా పెంచుకుంటాం. నెట్‌వర్క్ మీదుగా పోయిన కమాండ్‌కు ఆ ప్రశ్న అడిగేవారూ లేరు, జవాబిచ్చేవారూ లేరు. అందుకే 5.

ఈ గీకుడుకు రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, ఇన్‌స్టాలేషన్‌తోనే వచ్చే అసలు అడ్మినిస్ట్రేటర్ అకౌంట్. రెండు, డొమైన్ అకౌంట్లు. మూడో దారి రిజిస్ట్రీలో ఉంది: హెచ్‌కేఎల్ఎం కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్ అనే దారిలో ‘లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ’ పేరుతో డీవర్డ్ విలువ 1 పెడితే లోకల్ అడ్మిన్‌కు దూరం నుంచి కూడా పూర్తి అధికారం వస్తుంది.

పెట్టొచ్చా? పెట్టొచ్చు, ఒక షరతు మీద. 20 మెషీన్లకూ ఒకే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే ఈ సెట్టింగ్ జోలికి పోకండి. ఒక మెషీన్‌లోకి దూరిన దొంగ, అక్కడ దాచి ఉన్న పాస్‌వర్డ్ హ్యాష్‌తోనే (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తుతోనే) మిగతా 19 తలుపులూ తీస్తాడు. అసలు పాస్‌వర్డ్ ఏమిటో వాడికి తెలియాల్సిన పని కూడా లేదు. డొమైన్ ఉన్నచోట విండోస్ ల్యాప్స్ ఒక్కో మెషీన్‌కు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి, గడువు ప్రకారం తానే మార్చుకుంటుంది. 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి ఇది విండోస్‌లోనే భాగంగా వస్తోంది. డొమైన్ లేని చిన్న ఆఫీసులో కనీసం పాస్‌వర్డ్‌లైనా వేర్వేరుగా పెట్టి, ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవాలి. గోడకు అంటించిన కాగితం మీద కాదు.

విన్‌ఆర్ఎం సంగతి. విండోస్ సర్వర్ 2012 నుంచి సర్వర్లలో అది తెరిచే ఉంటుంది. విండోస్ 10, 11 మెషీన్లలో మాత్రం మనమే తెరవాలి. ‘ఎనేబుల్ పీఎస్‌రిమోటింగ్’ కమాండ్‌ను అడ్మిన్ పవర్‌షెల్‌లో కొట్టగానే ‘నెట్‌వర్క్ పబ్లిక్‌లో ఉంది’ అని మొరాయిస్తే, ఆ నెట్‌వర్క్ ప్రొఫైల్‌ను ప్రైవేట్‌కు మార్చి మళ్లీ కొట్టాలి. ఇటువైపు, అంటే నల్లగొండ మెషీన్‌లో, ట్రస్టెడ్‌హోస్ట్స్ జాబితాలో మిల్లు మెషీన్ పేరో ఐపీనో చేర్చాలి. డొమైన్ లేనిచోట కెర్బెరోస్ అనే గుర్తింపు పద్ధతి ఉండదు కాబట్టి అవతలిది నిజంగా మిల్లు మెషీనేనా అని తేల్చే సాక్షి ఉండదు. ‘నేను నమ్ముతున్నా’ అని మనమే రాసిచ్చినట్టు. అందుకే అక్కడ నక్షత్రం గుర్తు పెట్టి అందరినీ నమ్మేయడం బద్ధకం కిందికే వస్తుంది. డొమైన్ ఉంటే ట్రస్టెడ్‌హోస్ట్స్‌తో పని లేదు కానీ గడియారాలు చూసుకోవాలి. రెండు మెషీన్ల టైమ్‌కు 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ గుర్తింపు కుదరదు. మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయిన పాత మెషీన్, కరెంటు పోయి వచ్చాక ఏ పాత సంవత్సరంలోనో లేచి కూర్చుంటే మనం మాత్రం పాస్‌వర్డ్ మీద అనుమానపడుతుంటాం.

కమాండ్‌లోనే ఉన్న ఒక గుంట గురించి కాస్త ఆగి చెప్పాలి. సర్వీసుల పనికి విండోస్‌లో పాతకాలం నుంచీ ‘ఎస్‌సీ’ అనే ప్రోగ్రామ్ ఉంది. నల్ల తెర కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌సీ స్టాప్ స్పూలర్’ అంటే ప్రింటర్ సర్వీసు ఆగుతుంది. అదే మాటను విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో కొడితే ఎర్రర్ రాదు, సర్వీసు కూడా ఆగదు. ఎందుకంటే అక్కడ ‘ఎస్‌సీ’ అంటే ‘సెట్ కంటెంట్’కు ముద్దుపేరు. అది ఉన్న ఫోల్డర్‌లోనే ‘స్టాప్’ అనే ఫైలు పుట్టించి అందులో ‘స్పూలర్’ అని రాసి నిశ్శబ్దంగా ఊరుకుంటుంది. పవర్‌షెల్‌లో ఎప్పుడూ చివర ‘డాట్ ఈఎక్స్‌ఈ’ తగిలించే పిలవాలి. ఆ ప్రోగ్రామ్‌కే ఇంకో పట్టింపు: సర్వీసు స్టార్ట్ రకాన్ని మార్చేటప్పుడు ‘స్టార్ట్’ తర్వాత సమానం గుర్తు అంటుకునే ఉండాలి, ఆ గుర్తు తర్వాత ఖాళీ వదిలి ‘ఆటో’ అనాలి. ఖాళీ వదలకపోతే వాడకం పద్ధతి అంతా తెర మీద పరిచి వెళ్లిపోతుంది.

ఇంకొకటి. ‘గెట్ సర్వీస్’కు కంప్యూటర్ పేరు ఇచ్చే వీలు 5.1 వరకే ఉంది. పవర్‌షెల్ 6 నుంచి దాన్ని తీసేశారు. కొత్త వెర్షన్లలో ‘ఇన్‌వోక్ కమాండ్’ ద్వారా అవతలి మెషీన్‌లోనే ఆ కమాండ్ నడిపించాలి. అదే మంచి పద్ధతి కూడా. ఒకేసారి 32 మెషీన్ల వరకు సమాంతరంగా నడుస్తుంది, పాత ఆర్‌పీసీ పోర్టుల బెడద ఉండదు.

రెండో మజిలీ దగ్గర మాయమయ్యే గుర్తింపు

మిల్లు మెషీన్‌లోకి పవర్‌షెల్‌తో దూరి, అక్కడి నుంచి నల్లగొండ ఫైల్ సర్వర్‌లో ఉన్న అప్‌డేట్ ఫైలును లాగి, సర్వీసు రీస్టార్ట్ చేద్దామని స్క్రిప్ట్ రాశారనుకోండి. రెండు చోట్లా అధికారం ఉన్నా ఫైలు లాగే లైను దగ్గర ‘యాక్సెస్ డినైడ్’. కారణం: నెట్‌వర్క్ లాగిన్‌లో మనం ఫలానా అని రుజువు మాత్రమే అవతలికి పోతుంది, పాస్‌వర్డ్ పోదు. మిల్లు మెషీన్ చేతిలో మన పాస్‌వర్డ్ లేదు కాబట్టి మూడో మెషీన్ ముందు మన పేరు చెప్పుకోలేదు. దీన్నే డబుల్ హాప్ అంటారు.

క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ కూడా వెంట పోతుంది, పని అవుతుంది. కానీ ఆ మెషీన్ దొంగల పాలైతే పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతికే. చిన్న పనికి అంత సాహసం అక్కర్లేదు. లాగే బదులు మనమే నెట్టాలి: ముందు సెషన్ తెరిచి, ‘కాపీ ఐటమ్’కు ‘టు సెషన్’ తగిలించి ఫైలును మన దగ్గర నుంచి పంపితే రెండో మజిలీయే ఉండదు. పవర్‌షెల్ 5 నుంచి ఈ సదుపాయం ఉంది. అన్సిబుల్‌లో విండోస్ కాపీ మాడ్యూల్ చేసేదీ అదే పని.

లినక్స్ వైపు: తూము ఎత్తే హక్కు, కట్ట తెంపే హక్కు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చెరువు నీళ్లు వదిలే పని నీరటిది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి పొలానికి ఎంతసేపో ఆయన చూసుకుంటాడు. కట్ట తెంపే హక్కు మాత్రం ఆయనకు ఉండదు. సర్వీసులను చూసుకునే అకౌంట్ కూడా అలాగే ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ కోరికను ఆటోమేషన్ పనిముట్టు దగ్గరికి తీసుకుపోతేనే అసలు చిక్కు బయటపడుతుంది.

అన్సిబుల్‌ను 2012లో మైఖేల్ డిహాన్ మొదలుపెట్టారు, 2015లో రెడ్‌హ్యాట్ కొనుక్కుంది. అవతలి మెషీన్‌లో ప్రత్యేకంగా ఏజెంట్ అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ (లినక్స్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటే చాలు. మనం నడిపే మెషీన్ విండోస్ అయితే మాత్రం డబ్ల్యూఎస్‌ఎల్ లోపల లినక్స్ పెట్టుకుని అందులో నడపాలి. ప్లేబుక్‌లో (చేయాల్సిన పనులు రాసే ఫైలులో) ‘బికమ్ ట్రూ’ అని రాస్తే, మామూలు యూజర్‌గా లోపలికి పోయి సుడో ద్వారా రూట్ హోదాకు మారుతుంది.

మరి ఎవరికి ఏ సుడో హక్కో రాసే సుడోయర్స్ ఫైలులో ‘ఈ యూజర్‌కు ఎన్‌జినెక్స్ (ఒక వెబ్ సర్వర్) రీస్టార్ట్ ఒక్కటే’ అని రాసి, ‘బికమ్’ పెట్టి, సర్వీస్ మాడ్యూల్‌తో ఎన్‌జినెక్స్‌ను రీస్టార్ట్ చేయమంటే? పని చేయదు. చేయమన్నది రీస్టార్టే, రాసిచ్చిన హక్కూ రీస్టార్టుకే. అయినా ఎందుకు చేయదో తెలియాలంటే తెర వెనక ఏం నడిచిందో చూడాలి. అన్సిబుల్ నేరుగా ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్’ (లినక్స్‌లో సర్వీసును రీస్టార్ట్ చేసే కమాండ్) అనదు. ముందు ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో అన్సిబుల్ టెంప్ దారిలో కొత్త పేరుతో ఒక ఫోల్డర్ కడుతుంది. అందులో ఒక పైథాన్ ఫైలు దించుతుంది. తర్వాత సుడోకు ఇచ్చే కమాండ్ ఏమిటంటే: షెల్ తెరువు, ‘బికమ్ సక్సెస్’ అని ఒక చిత్తుగుర్తుతో కలిపి అచ్చువెయ్యి, ఆపై ఆ పైథాన్ ఫైలు నడుపు. ఆ చిత్తుగుర్తు, ఆ ఫోల్డర్ పేరు ప్రతిసారీ మారతాయి. సుడో చూసేది అచ్చంగా ఏ కమాండ్ వచ్చిందని. దానికి వచ్చింది షెల్. షెల్‌కు అనుమతి ఇస్తే రూట్ మొత్తం ఇచ్చినట్టే. అంటే ‘బికమ్’ వాడాలంటే కట్ట తెంపే హక్కు ఇవ్వక తప్పదు. ఇది అన్సిబుల్ తప్పు అనడానికి లేదు, దాని కట్టుబడే అంత. ఈ సంగతి తెలియక సుడోయర్స్‌లో లైను మీద లైను చేర్చుకుంటూ పోయేవాళ్లు చివరికి విసిగిపోయి అంతా తెరిచేస్తారు.

ఉన్న దారులు మూడు.

పూర్తి సుడో ఇచ్చేసి, దానికి బదులు ఆ అకౌంట్ తాళాన్ని కాపాడుకోవడం ఒకటి. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఒక్క మెషీన్‌లోనే ఉండాలి, దానికి పాస్‌ఫ్రేజ్ ఉండాలి. అవతల ఆథరైజ్డ్ కీస్ ఫైలులో (రానివ్వాల్సిన కీల జాబితాలో) కీ ముందు ‘ఫ్రమ్’ అని రాసి మన వీపీఎన్ ఐపీ ఇస్తే ఆ కీ ఇంకెక్కడి నుంచీ పనిచేయదు. ఇన్‌స్టాలేషన్లు, అప్‌డేట్లు, కాన్ఫిగరేషన్ మార్పులు అన్నీ చేసే ప్రధాన ఆటోమేషన్ అకౌంట్‌కు ఇదే సరైనది.

‘బికమ్’ మానేసి, కమాండ్ మాడ్యూల్‌లోనే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎన్‌జినెక్స్’ అని పూర్తి పాత్‌తో రాయడం రెండోది. అప్పుడు సుడోకు చేరేది అచ్చంగా ఆ కమాండే కాబట్టి సుడోయర్స్ లైను కుదురుతుంది. అందంగా ఉండదు, పనికొస్తుంది. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే సుడో అక్షరం అక్షరం పోల్చుతుంది. ‘ఎన్‌జినెక్స్’, ‘ఎన్‌జినెక్స్ డాట్ సర్వీస్’ లినక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి ఒకటే, సుడోకు రెండు. ఏది రాసిచ్చామో అదే కొట్టాలి.

మూడోది పాల్కిట్ అనే అనుమతుల ఏర్పాటు. రూట్ కాకుండానే, ఫలానా యూజర్ ఫలానా యూనిట్‌ను (సిస్టమ్‌డీ లెక్కలో సర్వీసును) రీస్టార్ట్ చేయవచ్చని చిన్న జావాస్క్రిప్ట్ రూల్ రాసి పాల్కిట్ రూల్స్ ఫోల్డర్‌లో పెట్టడం. యూనిట్ పేరు, రీస్టార్ట్ అనే క్రియ రెండూ కలిపి చూసి ‘ఎస్’ అనవచ్చు. అన్సిబుల్ సిస్టమ్‌డీ మాడ్యూల్ అప్పుడు ‘బికమ్’ లేకుండానే నడుస్తుంది. నీరటి హోదాకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే. అయితే ఉబుంటు 22.04లో పాత తరహా పాల్కిట్ ఉంది, అక్కడ జావాస్క్రిప్ట్ రూల్స్‌ను పట్టించుకోదు. 24.04లో, డెబియన్ 12లో, రెడ్‌హ్యాట్ కుటుంబంలో పనిచేస్తాయి.

విండోస్‌లో ఇదే కోరికకు జేఈఏ అనే ఏర్పాటు ఉంది. పవర్‌షెల్ 5 నుంచి వాడుకోవచ్చు. రోల్ ఫైలులో ‘రీస్టార్ట్ సర్వీస్’ ఒక్కటే కనిపించేలా, దాని పేరు స్థానంలో ‘స్పూలర్’ మాత్రమే ఒప్పుకునేలా రాయవచ్చు. కాలేజీ ల్యాబ్‌లో ప్రింటర్ పదేపదే మొరాయిస్తుంటే, ల్యాబ్ అసిస్టెంట్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఆ ఒక్క పని అప్పగించడానికి ఇంతకంటే పద్ధతైన దారి లేదు.

సుడోయర్స్ రాసేటప్పుడు జారే చోట్లు

ఫైలు సుడోయర్స్ డాట్ డీ ఫోల్డర్‌లో పెట్టాలి, అనుమతులు 0440. ఫైలు పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని అసలు చదవదు, చదవలేదని చెప్పదు కూడా. ‘మిల్లు డాట్ కాన్ఫ్’ అని పేరు పెట్టి గంటసేపు జుట్టు పీక్కోవడం ఇక్కడే జరుగుతుంది. ఫైలును అన్సిబుల్‌తో పంపుతున్నప్పుడు కాపీ మాడ్యూల్‌లోని ‘వాలిడేట్’ దగ్గర ‘వీసుడో’ తనిఖీ తప్పనిసరిగా పెట్టాలి. తప్పున్న సుడోయర్స్ ఫైలు ఒక్కటి పడితే కొన్ని వెర్షన్లలో సుడో మొత్తం నిలిచిపోతుంది. దాన్ని సరిచేయడానికి కావాల్సింది మళ్లీ సుడోనే. రూట్ పాస్‌వర్డ్ లేని ఉబుంటు మెషీన్ అయితే అక్కడికి పోయి రికవరీ మోడ్‌లో లేపాల్సి రావచ్చు.

‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్’ పక్కన నక్షత్రం పెట్టొద్దు. ఆ నక్షత్రం ఖాళీలను కూడా మింగేస్తుంది కాబట్టి ఎన్ని యూనిట్లనైనా, ఏ ఆప్షన్లనైనా ఒప్పుకుంటుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’కు సుడో ఇవ్వడం అమాయకంగా కనిపిస్తుంది కానీ దాని వెనక ‘లెస్’ పేజర్ తెరుచుకుంటుంది. అందులో ఆశ్చర్యార్థకం కొట్టి ‘ఎస్‌హెచ్’ అంటే రూట్ షెల్. సిస్టమ్‌డీ 247కు ముందు వెర్షన్లలో ఇది తెలిసిన లోపమే. స్టేటస్ చూడటానికి రూట్ అక్కర్లేదు కాబట్టి ఆ లైనే రాయకూడదు.

వీటన్నిటికంటే పెద్ద రంధ్రం ఇంకొకటి. రీస్టార్ట్ హక్కు ఒక్కటే ఇచ్చాం, కానీ ఆ సర్వీసు రూట్‌గా నడుస్తోంది, అది నడిపే స్క్రిప్ట్ ఫైలు మాత్రం అదే యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఉంది. స్క్రిప్ట్‌లో ఒక లైను మార్చి రీస్టార్ట్ కొడితే ఆ లైను రూట్‌గా నడుస్తుంది. సుడోయర్స్ ఎంత గట్టిగా రాసినా లాభం లేదు. సర్వీసు నడిపే ఫైళ్లకు, వాటి పై ఫోల్డర్లకు యజమాని రూట్ అయి ఉండాలి.

‘ఓకే’ వచ్చింది, సర్వీసు లేదు

కమాండ్ సఫలం కావడం, సర్వీసు పనిచేయడం రెండూ ఒకటి కాదు. సిస్టమ్‌డీలో యూనిట్ టైపు ‘సింపుల్’ అయితే ప్రాసెస్ పుట్టిందా లేదా అన్నదే అది చూస్తుంది. పుట్టిన రెండు సెకన్లకు చచ్చినా ప్లేబుక్‌లో మాత్రం పచ్చ అక్షరాలో పసుపు అక్షరాలో పడిపోయి ఉంటాయి. కాబట్టి రీస్టార్ట్ తర్వాత ‘వెయిట్ ఫర్’ మాడ్యూల్‌తో పోర్టు తెరుచుకుందో లేదో చూడాలి. వెబ్ సర్వీసు అయితే ‘యూఆర్ఐ’ మాడ్యూల్‌తో పేజీ అడిగి 200 వచ్చిందో లేదో చూడాలి. పోర్టు తెరిచి ఉన్నంత మాత్రాన డేటాబేస్ జవాబిస్తోందని కాదు. చిన్న క్వెరీ ఒకటి నడిపిస్తే ఇంకా మంచిది.

సర్వీసు పదేపదే పడి లేస్తుంటే సిస్టమ్‌డీ 10 సెకన్లలో 5 సార్లు చూసి ‘ఇక చాలు’ అని ఆపేస్తుంది. ‘స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్‌లీ’ అనేది ఆ మాటే. అప్పుడు మళ్లీ మళ్లీ స్టార్ట్ కొట్టడం దండగ. జర్నల్‌లో మొదటి చావు ఎందుకో చదివి, సరిచేసి, ‘రీసెట్ ఫెయిల్డ్’ కొట్టి లేపాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంకో తమాషా. సర్వర్ త్వరగా లేస్తుంది, రూటర్ దాని తర్వాత తీరిగ్గా లేస్తుంది. నెట్‌వర్క్ కావాల్సిన సర్వీసు ఈలోపే నాలుగైదు సార్లు తన్నుకుని పడిపోతుంది. యూనిట్‌లో ‘నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్’ను ‘ఆఫ్టర్’, ‘వాంట్స్’ రెండింటిలోనూ రాయాలి. ఒక్క ‘ఆఫ్టర్’ రాస్తే క్రమం చెప్పినట్టే కానీ దాన్ని రప్పించినట్టు కాదు. పైన ‘రీస్టార్ట్ సెక్’ 10 సెకన్లో 15 సెకన్లో పెడితే ఆ 5 సార్ల లెక్కలో పడదు. ‘స్టార్టెడ్’తోపాటు ‘ఎనేబుల్డ్’ కూడా రాశామా అన్నది వేరే సంగతి. మొదటిది ఈ క్షణానికి, రెండోది కరెంటు వచ్చాక. యూనిట్ ఫైలు మార్చాక ‘డీమన్ రీలోడ్’ లేకపోతే పాత ఫైలే నడుస్తుంటుంది.

విండోస్‌లో ‘ఆటోమేటిక్ డిలేడ్’ అని పెట్టిన సర్వీసు, మిగతా ఆటోమేటిక్ సర్వీసులు మొదలైన సుమారు 2 నిమిషాలకు గానీ లేవదు. ఈలోగా ఫోన్లు మొదలవుతాయి. 1053 అంటే 30 సెకన్లలో సర్వీసు జవాబు చెప్పలేదని. పాత హార్డ్ డిస్క్ మీది డేటాబేస్‌కు ఇది మామూలే. 1069 అంటే సర్వీసు నడిచే అకౌంట్ లాగిన్ కాలేదని, చాలాసార్లు ఎవరో ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చి సర్వీసు ప్రాపర్టీస్‌లో మార్చడం మరిచారని. రికవరీ ట్యాబ్‌లో ‘రీస్టార్ట్ ద సర్వీస్’ పెట్టినా లేవడం లేదంటే, ఆ సర్వీసు కూలిపోకుండా మర్యాదగా ఎర్రర్ చెప్పి ఆగుతోందేమో చూడాలి. మామూలుగా రికవరీ కూలినప్పుడే కదులుతుంది. మర్యాదగా ఆగినా కదలాలంటే ‘ఫెయిల్యూర్ ఫ్లాగ్’ 1 పెట్టాలి.

పన్నెండు సెంటర్లు ఒకేసారి పడకుండా

అన్సిబుల్ ఒకేసారి 5 మెషీన్ల మీద పనిచేస్తుంది, మనం మార్చకపోతే. కాన్ఫిగరేషన్‌లో తప్పుంటే ఆ 5 కలిసే పడతాయి. ‘సీరియల్’ దగ్గర 1, 3, ఆపై మిగతావి అని జాబితా ఇస్తే ముందు ఒక్క సెంటర్‌లో నడిపి, అది నిలబడితేనే ముందుకు పోతుంది. మొదటిదిగా నడిచి పోగలిగినంత దగ్గరిది పెట్టుకోవాలి, అచ్చంపేటది కాదు. ముందు ‘చెక్’, ‘డిఫ్’ కలిపి నడిపి ఏ లైను మారబోతోందో చూడటం అలవాటు చేసుకోవాలి.

హ్యాండ్లర్లలో ఒక ఉరి ఉంది. కాన్ఫిగరేషన్ ఫైలు మారితే రీస్టార్ట్ చేయమని ‘నోటిఫై’ రాస్తాం. హ్యాండ్లర్ నడిచేది ప్లే చివర. మధ్యలో ఇంకేదో టాస్క్ ఫెయిలైతే ఆ మెషీన్‌లో హ్యాండ్లర్ నడవదు. ఫైలు మాత్రం మారిపోయి ఉంది. సరిచేసి మళ్లీ నడిపితే ఫైలు ముందే సరిగ్గా ఉంది కాబట్టి ‘మార్పు లేదు’ అంటుంది, రీస్టార్ట్ ఈసారీ జరగదు. పాత కాన్ఫిగరేషన్‌తోనే సర్వీసు వారాల తరబడి నడిచి, కరెంటు పోయిన రోజు కొత్తదానితో లేచి కొత్త రోగం చూపిస్తుంది. ‘ఫోర్స్ హ్యాండ్లర్స్’ పెట్టడం గానీ, ఫైలు మార్చిన వెంటనే ‘ఫ్లష్ హ్యాండ్లర్స్’ రాయడం గానీ చేయాలి.

మనం కూర్చున్న కొమ్మ విషయం వేరు. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్ మార్చే ముందు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ’తో ఫైలు తప్పుల్లేకుండా ఉందని చూసుకుని, రెండో టెర్మినల్‌లో ఇంకో సెషన్ తెరిచి ఉంచి, అప్పుడు రీస్టార్ట్ చేయాలి. తెరిచి ఉన్న సెషన్లు మామూలుగా తెగవు. కొత్త లాగిన్ కుదిరిందని చూశాకే పాతది మూయాలి. ఫైర్‌వాల్ మార్పుకైతే ‘ఎట్’ కమాండ్‌తో 5 నిమిషాల తర్వాత పాత రూల్స్ తిరిగి వచ్చేలా ముందే పెట్టి, అంతా బాగుంటే దాన్ని రద్దు చేసుకోవాలి. విన్‌ఆర్ఎం సెషన్‌లో కూర్చొని విన్‌ఆర్ఎంనే రీస్టార్ట్ చేస్తే మన కనెక్షనే తెగుతుంది. ఆ పనిని షెడ్యూల్డ్ టాస్క్‌కు అప్పగించాలి. లేకపోతే గద్వాలకు బస్సే.

చేత్తో చేసిన పరీక్ష మిగిల్చే మురికి

సర్వీసు లేవడం లేదని, అసలు ప్రోగ్రామ్ బాగుందో లేదో చూద్దామని ‘సుడో’ పెట్టి చేత్తో నడిపిస్తారు. అది బ్రహ్మాండంగా నడుస్తుంది. కంట్రోల్ సీ కొట్టి సర్వీసును స్టార్ట్ చేస్తే మళ్లీ పడిపోతుంది, ఈసారి వేరే ఎర్రర్‌తో. జరిగింది ఏమిటంటే, రూట్‌గా నడిచిన ఆ ఒక్క నిమిషంలో లాగ్ ఫైలు, పిడ్ ఫైలు, ఎస్‌క్యూలైట్ డేటా ఫైలు రూట్ పేరు మీద పుట్టాయి. యూనిట్‌లో ‘యూజర్’ దగ్గర రాసిన మామూలు అకౌంట్‌కు వాటిలో రాసే హక్కు లేదు. పరీక్షించాలంటే ‘సుడో హైఫన్ యూ’ పెట్టి సర్వీసు నడిచే యూజర్ పేరుతోనే నడపాలి. ఇప్పటికే పాడుచేసి ఉంటే ‘చోన్’తో యజమానిని తిరిగి మార్చాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అయితే, హోమ్ ఫోల్డర్ నుంచి ‘ఎంవీ’తో తెచ్చిన ఫైలు పాత ఎస్‌ఈలినక్స్ లేబుల్‌తోనే (భద్రతా ముద్రతోనే) వస్తుంది కాబట్టి ‘రీస్టోర్‌కాన్’ కూడా కొట్టాలి.

ఎవరు ఏం చేశారన్నది తర్వాత తేలాలంటే మనిషికో అకౌంట్ ఉండాలి. ఉబుంటులో సుడో వాడకం ‘ఆథ్ లాగ్’లో, డెబియన్ 12 నుంచి మామూలుగా జర్నల్‌లో, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘సెక్యూర్’ లాగ్‌లో పేరుతో సహా పడుతుంది. విండోస్ సిస్టమ్ లాగ్‌లో 7034 సర్వీసు అనుకోకుండా చచ్చిందని, 7040 దాని స్టార్ట్ రకాన్ని ఎవరో మార్చారని చెబుతాయి. నలుగురూ ‘అడ్మిన్’ అనే ఒకే పేరుతో దూరే చోట ఈ లాగ్‌లన్నీ ఆ ఒక్క పేరే చూపిస్తాయి. వారిలో ఒకరు పని మానేసిన రోజున 12 సెంటర్లలో పాస్‌వర్డ్ మార్చి, ఆథరైజ్డ్ కీస్‌లో ఏ కీ ఎవరిదో తెలియక ఒక్కొక్కటీ తీసి చూడాల్సి వస్తుంది. కీ చివర వ్యాఖ్య రాసే చోటు ఒకటి ఉంటుంది. మనిషి పేరు, తేదీ అక్కడ ముందే రాసి పెడితే, అన్సిబుల్ ఆథరైజ్డ్ కీ మాడ్యూల్‌లో ‘ఆబ్సెంట్’ అన్న ఒక్క మాటతో ఆ కీ అన్ని చోట్లా పోతుంది.